బర్రె పొట్టలో మేతకు ఏమవుతుంది?

(కావలిలో పాడి రైతులు, జీవాల (గొర్రెలు, మేకల) కాపరుల సమావేశంలో ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో సభ నుంచి వచ్చిన ప్రశ్నలు కొన్ని కలిపాం.)

అందరికీ నమస్కారం. కోవూరు, ఇందుకూరుపేట వైపు నుంచి వచ్చిన వాళ్ళ దగ్గర వరిగడ్డి, తవుడు ఉంటాయి. ఉదయగిరి, వింజమూరు మెట్ట నుంచి వచ్చిన వాళ్ళ దగ్గర జీవాలు, చెనిక్కాయ (వేరుశనగ) కట్టె, సజ్జ చొప్ప. ఒంగోలు వైపు వాళ్ళకి శనగ పొట్టు, సుబాబుల్. మేతలు వేరువేరు గానీ, నెమరు వేసే పశువు ఏదైనా పొట్ట పనిచేసే తీరు ఒకటే. అందుకే ఈ రోజు జబ్బుల జాబితా చదవను. ఆ పొట్ట లోపలికి పోదాం.

మీరు గాడిలో వేసిన మేతను ముందుగా తినేది సూక్ష్మజీవులు. అవి వదిలిన ఆమ్లాల మీద, చివరికి వాటి శవాల మీద మీ బర్రె బతుకుతుంది. మేత మారినప్పుడల్లా ఆ సూక్ష్మజీవుల సంతతి మారాలి. దానికి రెండు మూడు వారాలు పడుతుంది. మన దగ్గరకు వచ్చే పొట్ట కేసుల్లో ఎక్కువ భాగం ఆ రెండు మూడు వారాల గడువు ఇవ్వకపోవడం వల్ల వచ్చేవే. ఇక మీదట నేను ఏం చెప్పినా దీని చుట్టూనే తిరుగుతుంది.

బ్రెజిల్‌లో నెలోర్ అని పిలిచే పశువులు కోట్లలో ఉన్నాయి. అవి మన ఒంగోలు జాతి సంతానం. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది, అందుకే ఆ పేరు. ఎండను, ముతక గడ్డిని తట్టుకుంటుందనే ఆ జాతిని అంత దూరం తీసుకుపోయారు. ఆ ముతక గడ్డిని అరిగించే పొట్ట మీ కొట్టాల్లో కూడా ఉంది, సరిగ్గా వాడుకుంటే.

పొట్టలు నాలుగు. మొదటిది పెద్ద పొట్ట, రూమెన్ అంటాం. ఎడమ వైపు డొక్క అంతా అదే. పెద్ద బర్రెకు 100 లీటర్ల పైనే పడుతుంది, పెద్ద గొర్రెకు 15 లీటర్ల దాకా. రెండోది తేనెపట్టు గళ్ళు ఉండే చిన్న సంచి. మొదటిదానికీ దీనికీ మధ్య తలుపు లేదు, సరుకు అటూ ఇటూ పోతూ ఉంటుంది. మేకు, తీగ ముక్క మింగితే బరువుకు అందులోనే పడి నిలుస్తుంది. దాని ముందే గుండె ఉంటుంది. పొట్ట పిండినప్పుడల్లా తీగ ముందుకు గుచ్చుకుంటుంది. గడ్డి మోపులకు ఇనుప తీగ కట్టొద్దు అని మొత్తుకునేది అందుకే. మూడోది పొరలు పొరలుగా ఉండి నీళ్ళు పీల్చుకుంటుంది. నాలుగోది మన పొట్టలాంటి అసలు పొట్ట, ఆమ్లం ఊరేది అక్కడే.

బర్రె మేసేటప్పుడు పెద్దగా నమలదు, మింగేస్తుంది. తర్వాత పడుకుని ముద్ద ముద్దగా పైకి తెచ్చుకుని, ఒక్కో ముద్దను 50, 60 సార్లు నమిలి మళ్ళీ మింగుతుంది. రోజుకు 7, 8 గంటలు ఇదే పని. గడ్డి ముక్క కొన్ని మిల్లీమీటర్ల సైజుకు అరిగితేగానీ మూడో పొట్టలోకి పోయే సందు పట్టదు. అందుకే వరిగడ్డి రెండు మూడు రోజులు మొదటి పొట్టలోనే ఉంటుంది. దాని వెనక పడే కొత్త మేతకు చోటు ఉండదు. గడ్డి ఎంత ముతకదైతే బర్రె అంత తక్కువ తింటుందన్న మాట.

నమిలేటప్పుడు ఊరే లాలాజలం తక్కువేమీ కాదు. పెద్ద పశువుకు రోజుకు 100 లీటర్లు దాటుతుంది. అందులో ఉండేది ముఖ్యంగా మన వంట సోడాయే, సోడియం బైకార్బొనేట్. పొట్టలో పుట్టే ఆమ్లాన్ని విరిచేది అది. నమలడం తగ్గితే సోడా తగ్గుతుంది, సోడా తగ్గితే పొట్ట పులుస్తుంది. చాఫ్ కట్టర్ పెట్టుకున్న వాళ్ళకి ఇక్కడే ఒక జాగ్రత్త: చొప్పను ఒకటి, రెండు అంగుళాల ముక్కలు చేయండి, వృథా తగ్గుతుంది. అంతకన్నా సన్నగా పొడి చేస్తే నెమరు పడిపోతుంది, మేత సగం అరగకుండానే కిందికి జారిపోతుంది. దాణాను పల్చటి కుడితిలో కలిపి తాగించేవాళ్ళకూ ఇదే మాట. నమిలే పనే లేకుండా గటగటా తాగేస్తుంది. వేరుశనగ చెక్క లాంటివి నానబెట్టడంలో తప్పు లేదు. ముద్దగా, గట్టిగా ఉండాలి, కొంచెం గడ్డి తిన్నాక పెట్టాలి. నిన్నటి కుడితి మీద ఇవాళ్టిది పోసే తొట్టిని మాత్రం రోజూ కడగాల్సిందే.

ఇప్పుడు సూక్ష్మజీవుల దగ్గరికి వద్దాం. పెద్ద పొట్టలో రసం ఒక్క మిల్లీలీటరు తీస్తే అందులో బాక్టీరియా 1000 కోట్ల దాకా ఉంటాయి. ప్రోటోజోవా లక్షల్లో. వాటితోపాటు గడ్డి ఈనెల్లోకి చొచ్చుకుపోయే శిలీంధ్రాలు. గాలి ఆడని చోటు, 39 డిగ్రీల వేడి, పి.హెచ్. (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6 నుంచి 7. గడ్డిలోని పీచును, సెల్యులోజ్‌ను, విడగొట్టే ఎంజైమ్ ఏ బర్రెకూ లేదు, మనకూ లేదు. ఈ బాక్టీరియాకే ఉంది. అవి పీచును విరగ్గొట్టి మూడు ఆమ్లాలు వదులుతాయి: అసిటిక్, ప్రొపియోనిక్, బ్యూటిరిక్. గడ్డి ఎక్కువ తినే పశువులో సుమారు 65, 20, 15 పాళ్ళలో ఉంటాయి. బర్రెకు కావలసిన శక్తిలో దాదాపు 70 శాతం ఈ మూడింటి నుంచే వస్తుంది.

ఇవి పేగుల దాకా పోవు. ఎక్కువ భాగం పెద్ద పొట్ట గోడ నుంచే నేరుగా రక్తంలోకి పోతాయి. బోటి శుభ్రం చేసిన వాళ్ళకి తెలుసు, వేడినీళ్ళలో ముంచి గీకి తీసే నల్లటి గరుకు పొర ఉంటుంది. ఆ గరుకు అంతా లక్షల కొద్దీ చిన్న చిన్న మొలకలు. పీల్చుకునే జాగా పెంచడానికి గోడ అలా ముడతలు పడింది. దాణా తినే పశువులో ఈ మొలకలు పొడుగ్గా, వట్టి గడ్డి మీద బతికే పశువులో పొట్టిగా ఉంటాయి. పొట్టివి పొడుగు కావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకే చూలుతో ఒట్టిపోయిన బర్రెకు ఈనేదాకా వట్టి గడ్డి వేసి, ఈనిన మర్నాడు నాలుగు కిలోల దాణా పెట్టడం ప్రమాదం. ఆమ్లం తయారవుతుంది, పీల్చుకునే జాగా ఉండదు. ఈనడానికి మూడు వారాల ముందు నుంచే ఒక కిలోతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి.

పాల డబ్బు లెక్క కూడా ఇక్కడే ఉంది. అసిటిక్ ఆమ్లం పాలలో వెన్న అవుతుంది. ప్రొపియోనిక్ ఆమ్లం కాలేయంలో గ్లూకోజ్‌గా మారి, పొదుగులో పాల చక్కెర అవుతుంది. ఆ చక్కెర ఎంత ఉంటే పాల కొలత అంత. పీచు నుంచి అసిటిక్ ఎక్కువ వస్తుంది, గింజ నుంచి ప్రొపియోనిక్. గడ్డి తగ్గించి దాణా కుమ్మరిస్తే కొన్నాళ్ళు పాలు పెరుగుతాయి, ఫ్యాట్ పడిపోతుంది. పాల కేంద్రంలో మీకు రేటు కట్టేది ఫ్యాట్ చూసి. లీటరు పెరిగిందని సంతోషపడి, చీటీ చూసుకుంటే వచ్చే డబ్బు అంతే ఉంటుంది, దాణా ఖర్చు మాత్రం పెరిగి ఉంటుంది.

మాంసకృత్తుల సంగతి. మేతలోని మాంసకృత్తులను బాక్టీరియా చాలావరకు అమ్మోనియా దాకా విరగ్గొట్టి, దాంతో తమ ఒళ్ళు కట్టుకుంటాయి. ఆ బాక్టీరియా కొట్టుకుపోయి నాలుగో పొట్టలో చచ్చి, చిన్న పేగులో అరుగుతాయి. బర్రెకు అందే మాంసకృత్తుల్లో సగానికి పైన ఈ శవాలే. వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతం. మొత్తం మేత మీద 7, 8 శాతం లేకపోతే బాక్టీరియా పెరగవు. అవి పెరగకపోతే గడ్డి అరగదు, అరగని గడ్డి పొట్టలోంచి కదలదు. డొక్క నిండుగా ఉండి వెన్నుపూస లెక్కపెట్టగలిగే పశువులు మీకు కనిపిస్తున్నాయంటే కారణం ఇదే. గడ్డి ఇంకా వేస్తే ఏం లాభం? బాక్టీరియాకు నత్రజని పెట్టండి. పిల్లిపెసర, అలసంద, అవిసె ఆకు, చెనిక్కాయ కట్టె, కొద్దిగా చెక్క. అవేవీ లేకపోతే యూరియా పట్టించిన గడ్డి.

ఈ పని చాలామంది ఒకసారి చేసి వదిలేశారు, సరిగ్గా చేయక. కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. ఎండిన వరిగడ్డి 100 కిలోలు తూచండి, కంటి అంచనా వద్దు. యూరియా 4 కిలోలు. నీళ్ళు 50 లీటర్లు. యూరియా పూర్తిగా కరగాలి, అడుగున గింజ ఉండకూడదు. కింద పాలిథిన్ పట్టా పరిచి 20 కిలోల గడ్డి పొరగా వేసి, 10 లీటర్ల నీళ్ళు మొక్కలకు నీళ్ళు చల్లే డబ్బాతో సమంగా చల్లి, బాగా తొక్కండి. గాలి పోవాలి. అలా ఐదు పొరలు. పైన పట్టా కప్పి, అంచుల్లో మట్టి పోసి మెత్తండి. 21 రోజులు ముట్టుకోవద్దు. లోపల యూరియా అమ్మోనియాగా మారి, పీచును అంటిపెట్టుకున్న లిగ్నిన్ అనే గట్టి పదార్థపు బంధాలను వదులు చేస్తుంది. బాక్టీరియాకు దారి దొరుకుతుంది. మాంసకృత్తుల శాతం కూడా దాదాపు రెట్టింపు అవుతుంది.

ఒక పక్కనే తెరవండి. గోధుమ రంగుకు తిరిగి, ముక్కు అదిరేలా వాసన రావాలి. వాసనే లేకపోతే పట్టాకు చిల్లు ఉందని అర్థం. నల్లగా, తెల్ల బూజుతో ఉన్న భాగం పారేయండి. రోజుకు కావలసింది తీసి గంటసేపు ఆరబెట్టి వేయండి. మొదట కిలో, రెండు కిలోలు మామూలు గడ్డిలో కలిపి, పది రోజుల్లో పూర్తిగా మార్చండి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు, వాటి పొట్ట ఇంకా తయారు కాలేదు. ఒక బర్రెకు 100 కిలోలు మూడు వారాలు వస్తుంది గనక, ఒకటి తెరిచిన రోజే రెండోది కప్పేస్తే వరస తప్పదు.

యూరియా కరిగించిన బకెట్ అక్కడే వదిలేస్తే మాత్రం పశువు చచ్చిపోతుంది. తాగిన అరగంట, గంటలో వణుకు, నురగ, ఉబ్బరం, పడిపోవడం. అమ్మోనియా ఒక్కసారిగా పొట్ట గోడ దాటి రక్తంలోకి పోవడం వల్ల అది. చేతికందే మందు వెనిగర్. పెద్ద పశువుకు కనీసం 2 లీటర్లు, చన్నీళ్ళతో కలిపి. పులుపు తగిలితే అమ్మోనియా గోడ దాటలేని రూపంలోకి మారుతుంది. పట్టిస్తూనే డాక్టరుకు ఫోన్ చేయండి.

వెనిగర్ ఇక్కడ మందు. ఇప్పుడు చెప్పబోయే కేసులో అదే పులుపు విషం. పెళ్ళి అన్నం సంగతి.

మాఘమాసంలో, వైశాఖంలో పెళ్ళిళ్ళు అయ్యాక మిగిలిన అన్నం తట్టల్లో తెచ్చి బర్రె ముందు పెడతారు. పారేయడం పాపమని. వండిన బియ్యం పిండిపదార్థం ఉడికి మెత్తబడి ఉంటుంది, బాక్టీరియాకు నమిలే శ్రమ కూడా లేదు. పిండిని తినే రకం బాక్టీరియా గంటల్లో విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లం వదులుతుంది. అసిటిక్ కంటే అది చాలా గట్టి ఆమ్లం, అంత తొందరగా పీల్చుకోబడదు కూడా. పి.హెచ్. 5.5 కంటే కిందికి పడితే పీచు తినే బాక్టీరియా చస్తాయి. 5కు పడితే ఆమ్లాన్ని తట్టుకునే రకాలు తప్ప ఇంకేమీ మిగలవు, అవి మళ్ళీ ఆమ్లమే వదులుతాయి. పొట్టలో రసం చిక్కబడి, ఒంట్లో రక్తంలోని నీటిని లోపలికి లాగేసుకుంటుంది. పొట్ట నిండా నీళ్ళు, ఒళ్ళంతా ఎండిపోవడం.

రాత్రి తిన్న బర్రె పొద్దున మేత ముట్టదు. నెమరు లేదు. ఎడమ డొక్క మొదట పిండి ముద్దలా ఒత్తుకుంటుంది, తర్వాత కదిలిస్తే నీళ్ళ చప్పుడు. పేడ పల్చగా, పుల్లటి వాసనతో, అందులో మెతుకులు. కళ్ళు లోపలికి పోతాయి. మెడ మీద చర్మం లాగి వదిలితే వెనక్కి పోదు. తూలుతుంది, చివరికి తల పక్కకు తిప్పి పడుకుంటుంది. ఆ దశలో తీసుకొచ్చిన వాటిని కాపాడటం కష్టం.

తిన్నదని తెలిసిన వెంటనే, లక్షణాల కోసం చూడకుండా, పెద్ద బర్రెకు 200 గ్రాముల వంట సోడా రెండు లీటర్ల నీళ్ళలో కలిపి పట్టించండి. గొర్రెకు 15 నుంచి 20 గ్రాములు. తల పైకెత్తి పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూతి నేలకు సమంగా ఉంచి, చెంప పక్క నుంచి, మింగుతూ ఉంటే కొంచెం కొంచెంగా. దాణా పూర్తిగా ఆపి ఎండుగడ్డి మాత్రం వేయండి. తొట్టెడు నీళ్ళు ఒక్కసారి తాగనివ్వొద్దు. డాక్టరు వచ్చి సెలైన్ ఎక్కించాల్సి ఉంటుంది, అవసరమైతే పొట్ట కోసి అన్నం తోడేయాల్సి ఉంటుంది. మన ఊళ్ళలో అజీర్తి అనగానే మజ్జిగ, చింతపండు పులుసు పోస్తారు. ఈ కేసులో అది ఆమ్లం మీద ఆమ్లం. దయచేసి వద్దు. బతికి బయటపడ్డ వాటికి కూడా నెలా రెండు నెలల తర్వాత గిట్టలు నొప్పి చేసి కుంటడం, కాలేయంలో చీము గడ్డలు రావడం ఉంటుంది. కోలుకునేటప్పుడు మంచి పశువు నెమరు ముద్దను, పొట్ట రసాన్ని తెచ్చి దీనికి పట్టిస్తాం. పాలకు తోడు వేసినట్టే, లోపల సంతతి మళ్ళీ మొదలవుతుంది.

మరి అన్నం అసలు పెట్టకూడదా అంటే, రోజూ గుప్పెడు కుడితిలో పోయే ఇంట్లో ఏమీ కాదు. అలవాటు లేని పొట్టకు ఒక్కసారి తట్టెడు పడటమే చంపుతుంది. మిగిలిన అన్నం ఎండబోసి నూకలా చేసుకుని దాణాలో కలపండి.

తవుడు గురించి రెండు మాటలు. మిల్లు నుంచి తాజాగా వచ్చిన తవుడులో నూనె 12 నుంచి 15 శాతం ఉంటుంది. మేతలో నూనె మొత్తం 6 శాతం దాటితే గడ్డి పీచుకు నూనె పొర పట్టి బాక్టీరియాకు అందదు, పీచు తినే రకాలకు అది విషం కూడా. పైగా తవుడు వారం పది రోజుల్లో కమురు వాసన కొడుతుంది. దాణాలో మూడో వంతు మించొద్దు. నూనె తీసిన తవుడు ఆ లెక్కలో నయం. పాత హల్లర్ మిల్లు తవుడులో సగం ఊక ఉంటుంది, అరచేతిలో నలిపి చూసి కొనండి. నేను చెప్పే దాణా ఇది, 100 కిలోలకు: నూకలు లేదా మొక్కజొన్న రవ్వ 35, తవుడు 30, వేరుశనగ చెక్క 20, పత్తి చెక్క 12, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. గింజను రవ్వగా విసరండి. పిండి చేస్తే పొట్ట పులుస్తుంది, గింజగా వేస్తే పేడలో కనబడుతుంది. వేరుశనగ చెక్క బూజు పట్టి ఉంటే ఎంత చవకైనా వద్దు, అందులో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉంటుంది, అది పాలలోకీ వస్తుంది.

ఎంత పెట్టాలి? ఒంటికి ఒక కిలో, ఆ పైన ప్రతి రెండు లీటర్ల బర్రెపాలకు ఒక కిలో. ఆవుకైతే రెండున్నర లీటర్లకు కిలో. 400 కిలోల బర్రె ఆరు లీటర్లు ఇస్తుంటే దాణా 4 కిలోలు, పచ్చిమేత 15 కిలోలు, ఎండుగడ్డి 5 కిలోలు. దాణా రెండు పూటలుగా. ఎండాకాలం మన దగ్గర గడ్డి ఎక్కువ భాగం రాత్రికి వేయండి. పీచు పులిసేటప్పుడు పొట్టలో వేడి పుడుతుంది, మధ్యాహ్నం ఆ వేడి కూడా తోడైతే బర్రె రొప్పుతూ మేత మానేస్తుంది.

పొట్ట ఎలా పనిచేస్తున్నదో మీరే చూసుకోవచ్చు. ఎడమ డొక్క గుంటలో పిడికిలి గట్టిగా ఆనించి రెండు నిమిషాలు ఉంచండి. లోపలి నుంచి అల వచ్చి పిడికిలిని తోసి పోతుంది. రెండు నిమిషాల్లో రెండు మూడు అలలు రావాలి. ఒకటే వచ్చినా, నీరసంగా వచ్చినా దాణా తగ్గించి గడ్డి పెంచండి. మధ్యాహ్నం కొట్టంలో పడుకున్న వాటిలో సగానికి పైన నెమరు వేస్తూ ఉండాలి. పేడ నీళ్ళలో జాడించి చూడండి. అరంగుళం మించిన గడ్డి పోచలు చాలా కనిపిస్తే నెమరు సరిగ్గా లేదు, లేదా పళ్ళు సరిగ్గా లేవు.

పళ్ళ మాట వచ్చింది గనక, కనిగిరి, పొదిలి వైపు వాళ్ళకు. మీ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ మనుషుల్నే కాదు, పశువుల పళ్ళనీ తినేస్తుంది. మచ్చలు పడి, అరిగిపోతాయి, నమలలేదు. దానికి ఎంత మంచి మేత వేసినా పొట్ట పని సగమే. దూడలకు పళ్ళు తయారయ్యే వయసులోనే నష్టం జరుగుతుంది గనక వాటికైనా చెరువు నీళ్ళు, వాన నీళ్ళు పట్టండి. వరిగడ్డిలోని ఆక్సలేట్లు ఎటూ కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. రోజుకు 50 గ్రాముల ఖనిజ మిశ్రమం ఆ లోటుకే.

ఇక జీవాలు. పల్ల, జొడిపి, దొర, రకం ఏదైనా నెల్లూరు గొర్రె ఎండలో నడిచి మేసే జాతి. దాని పొట్టకు ముప్పు రెండు సమయాల్లో. ఒకటి, తొలి వానలకు లేత గడ్డి మొలిచినప్పుడు. రెండు, కోతలయ్యాక కంకులు, గింజ రాలిన చేలోకి మందను తోలినప్పుడు. అరగని పిండి, చక్కెర చిన్న పేగులోకి జారి, అక్కడ ఎప్పుడూ కొద్దిగా ఉండే ఒక బాక్టీరియా ఒక్కసారిగా పెరిగి విషం వదులుతుంది. పేగు ఆ విషాన్ని కూడా పీల్చుకుంటుంది. అదే చిటుక రోగం. చిటుక వేసినంతలో చస్తుందని ఆ పేరు. మందలో బాగా బలిసిన, బాగా తినే పిల్లే ముందు పోతుంది. వైద్యానికి సమయం ఉండదు, టీకా ఒక్కటే దారి. వానలకు ముందే వేయించాలి, తొలిసారి వేస్తే రెండు మూడు వారాలకు రెండో మోతాదు. మందను కోసిన చేలోకి తోలేముందు ఎండు మేత కొంచెం తినిపించి, మొదటి రోజు గంట, రెండో రోజు రెండు గంటలు అలా పెంచండి.

ఇక మీరు అడగండి.

సభలోంచి ఒక రైతు: సార్, పిల్లిపెసర చేలో పడి మేస్తే బర్రె ఉబ్బింది. చెనిక్కాయ నూనె పోశాం. తగ్గింది. నూనె ఏం చేసింది?

మంచి పని చేశావన్నా. లేత పప్పుజాతి మేతలో గాలి విడిగా చేరదు, నురగలో ఇరుక్కుంటుంది. బర్రె తేన్చలేదు. నూనె ఆ నురగను విరగ్గొడుతుంది. పెద్ద పశువుకు 250 మిల్లీలీటర్లు, గొర్రెకు 50. ముందరి కాళ్ళు ఎత్తుగా ఉండేలా నిలబెట్టు. ఇంకా ఉబ్బుతూ ఊపిరి ఆడకపోతే డాక్టరు ఎడమ డొక్కలో ట్రోకార్ అనే గొట్టపు సూది గుచ్చుతారు. మంచు ఆరకముందే ఆకలితో ఉన్న పశువును ఆ చేలోకి తోలకు.

ఒక మహిళ: మాయ పడేదాకా దూడకు జున్నుపాలు తాగించకూడదంటారు మా అత్తమ్మ వాళ్ళు.

ఆ మాట వినొద్దమ్మా. దూడ రక్తంలో రోగాన్ని ఆపే శక్తి పుట్టినప్పుడు ఉండదు. జున్నుపాలలోని ఆ రక్షక పదార్థాలు పెద్దవి, పేగు గోడ వాటిని చెక్కు చెదరకుండా పీల్చుకునేది మొదటి కొద్ది గంటలే. 24 గంటలకు ఆ దారి పూర్తిగా మూసుకుపోతుంది. మాయ కోసం ఎనిమిది గంటలు ఆగితే సగం పోయినట్టే. గంటలోపు తాగించాలి, మొదటి రోజు మొత్తం దూడ బరువులో పదో వంతు, 30 కిలోల దూడకు 3 లీటర్లు. పైగా దూడ పొదుగు చీకితే గర్భసంచి ముడుచుకుని మాయ పడటానికి సాయం అవుతుంది. మిగిలిన పాలతో జున్ను చేసుకోండి, ఎవరు కాదన్నారు. ఇంకో మాట, దూడ చీకేటప్పుడు పాలు పెద్ద పొట్టలోకి పోవు, ఒక గాడి ముడుచుకుని నేరుగా నాలుగో పొట్టకు చేరుస్తుంది. బకెట్లో గబగబా తాగితే ఆ గాడి సరిగ్గా ముడవక, పెద్ద పొట్టలో పడి కుళ్ళి పారుడు పట్టుకుంటుంది.

ఒంగోలు వైపు రైతు: సుబాబుల్ ఆకు మేకలకు వేస్తే వెంట్రుకలు రాలాయండి.

అందులో మిమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది. దాన్ని విరగ్గొట్టే బాక్టీరియా కొన్ని పశువుల పొట్టల్లో ఉంటాయి, కొన్నిట్లో ఉండవు. ఆస్ట్రేలియాలో ఇదే ఇబ్బంది వస్తే 1980లలో హవాయి మేకల పొట్టలోని బాక్టీరియాను తెచ్చి తమ పశువులకు ఎక్కించి బాగుపడ్డారు. మీరు అంత దూరం పోనక్కర్లేదు. మొత్తం మేతలో మూడో వంతుకు మించకుండా, కొద్దికొద్దిగా అలవాటు చేసి, మిగతాది గడ్డిజాతి మేత వేయండి. చూలు జీవాలకు ఇంకా తగ్గించండి.

ఒక కాపరి: సర్కారు తుమ్మ కాయలు తింటాయి గదా, రాలినన్ని తిననీయొచ్చా?

తీపి కాయ, ఇష్టంగా తింటాయి. గింజ మాత్రం పొట్టలో అరగదు, పెంటికలతో బయటపడి మీ పొలంలోనే మొలుస్తుంది. దాంట్లోని మాంసకృత్తులు మీకు దక్కలేదు, కంప మాత్రం దక్కింది. ఎండిన కాయ దంచి, గింజ పగిలేలా రవ్వ చేసి దాణాలో ఐదో వంతు కలపండి. ఎండాకాలం వేరే మేతే లేక నెలల తరబడి కాయల మీదే బతికితే పొట్ట గట్టిపడటం, దవడ పడిపోవడం, నమలలేక చొంగ కార్చడం చూస్తాం. నరాలు దెబ్బతినడం వల్ల అది. అలా తల వాల్చిన జీవం మందలో ఒక్కటి కనిపించినా, ఆ రోజే మందను ఆ చెట్ల కింది నుంచి మార్చి, ఎండు మేత వేసి, ఆసుపత్రికి తీసుకురండి.